ఆరో కోర్టు బెంచీ చెప్పుకునే మాట

నేను కాలిఫోర్నియాలో, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ టెన్నిస్ కోర్టుల్లో ఒక బెంచీని. నా చోటు ఆరో కోర్టు పక్కన. మ్యాచ్ చూడ్డానికి వచ్చినవాళ్ల కళ్లన్నీ ఒకటో కోర్టు మీదే ఉంటాయి, రేపోమాపో ప్రొఫెషనల్ అయ్యే అమ్మాయి అక్కడే ఆడుతుంది కనక. నా వైపు చూసేది ఆడుతున్న అమ్మాయి అమ్మానాన్నలు, జట్టులోని పిల్లలు, కోచ్. అయినా కాలేజీ మహిళల టెన్నిస్‌లో ఒక హెడ్ కోచ్ ఎంత గట్టిదో తేల్చుకోవాలంటే చూడాల్సింది ఒకటో కోర్టును కాదు, నేనున్న ఈ చివరి కోర్టుల్ని. ఇది నా చోటు మీది మమకారంతో అంటున్న మాట కాదు.

ముందు ఆట లెక్క చూడండి. మ్యాచ్‌కి మొత్తం ఏడు పాయింట్లు. మూడు డబుల్స్ జరిగితే అందులో రెండు గెలిచిన జట్టుకు దక్కేది ఒక్క పాయింటే. ఆపైన ఆరు సింగిల్స్, ఒక్కోదానికి ఒక్కో పాయింటు. ముందుగా నాలుగు ఎవరికొస్తే మ్యాచ్ వాళ్లది. ఒకటో నంబరు అమ్మాయి దేశంలోకెల్లా మేటి అయినా ఆమె సింగిల్స్‌లో తెచ్చేది ఒక్కటే, ఆరో నంబరు అమ్మాయి తెచ్చేదీ ఒక్కటే. పోనీ, బాగా ఆడే అమ్మాయిని కిందికి దించి సులువుగా పాయింటు కొట్టేద్దామంటే కుదరదు, బలాన్నిబట్టే వరస ఉండాలని నిబంధన. కాబట్టి కోచ్‌కి మిగిలే దారి ఒక్కటే: కింది వరసలో ఉన్నవాళ్ల బలాన్ని నిజంగా పెంచడం. అందుకు కాలేజీ ఆట వీలు కల్పిస్తుంది కూడా. ప్రొఫెషనల్ టెన్నిస్‌లో మ్యాచ్ మధ్య కోచ్ నోరు విప్పడాన్ని చాలాకాలం తప్పుగా ఎంచారు. ఇక్కడ కోర్టులోకి వచ్చి మాట్లాడొచ్చు. ఆటగాళ్లు వైపులు మారే చేంజోవర్‌కి ఉండేది 90 సెకన్లు. అమ్మాయి వచ్చి నా మీద కూలబడి తువాల్లో మొహం దాచుకుంటుంది. మంచి కోచ్ పక్కన కూర్చోదు, ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంటుంది, కళ్లలోకి కళ్లు పెట్టి చూడగలిగేలా. ముందు ఊపిరి కుదుటపడనిస్తుంది. తర్వాత ఒక్కటే చెబుతుంది: రెండో సర్వ్ బ్యాక్‌హ్యాండ్‌కి వెయ్యమనో, నెట్ దగ్గరికి తొందరపడి వెళ్లొద్దనో. రెండు సంగతులు చెబితే రెండూ గుర్తుండవు. ఆరు కోర్టుల్లో ఒకేసారి ఆట నడుస్తుంటే హెడ్ కోచ్ ఉండేది ఒక్కరే. ఆ 90 సెకన్లు ఏ బెంచీ దగ్గర గడపాలన్నదే ఆ పూట ఆమె తీసుకునే అతి పెద్ద నిర్ణయం.

ఇక రుజువు. అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నడిపే మహిళల టీమ్ చాంపియన్‌షిప్ 1982లో మొదలైంది, తొలి టైటిల్ స్టాన్‌ఫర్డ్‌దే. హెడ్ కోచ్ ఫ్రాంక్ బ్రెనన్ హయాంలో 1999 నాటికి పది టైటిళ్లు వచ్చాయి, 1986 నుంచి 1991 దాకా వరసగా ఆరు. స్టాన్‌ఫర్డ్‌కే ఆడి, ఆయన దగ్గరే ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా పనిచేసిన లేలే ఫరూద్ 2001, 2019 మధ్య మరో పది తెచ్చింది. నా వాదనకు ఆ ఇరవైలో మూడు చాలు. 2013లో స్టాన్‌ఫర్డ్ 12వ సీడ్, ఫైనల్లో టెక్సస్ ఎ అండ్ ఎం మీద 4-3. 2016లో 15వ సీడ్, ఓక్లహోమా స్టేట్ మీద 4-3. 2018లో మళ్లీ 15వ సీడ్, వాండర్‌బిల్ట్ మీద మళ్లీ 4-3. ఆఖరి పాయింటు ఏ కోర్టులో పడిందన్నది పత్రికలకు ముఖ్యం. కానీ డబుల్స్ పాయింటూ ఒకటో కోర్టు పాయింటూ రెండూ చేతికొచ్చినా ఇంకో రెండు కావాలి, అవి మిగతా ఐదు కోర్టుల నుంచే రావాలి.

4-3 అంటే అదృష్టమే కదా అనొచ్చు. ఒక్క ఫైనల్ వరకైతే ఒప్పుకుంటాను. కానీ 64 జట్ల డ్రాలో టైటిల్ కొట్టాలంటే ఆరు మ్యాచ్‌లు గెలవాలి. మూడేళ్లకి పద్దెనిమిది. తమకన్నా పై సీడ్‌లున్న డ్రాలో అన్నిసార్లు నెగ్గుకొచ్చినదాన్ని అదృష్టం ఖాతాలో వెయ్యలేను. అసలు ఈ ఘనత కోచ్‌ది కాదు, స్టాన్‌ఫర్డ్ పేరుది, కాలిఫోర్నియా ఎండది అనేవాళ్లూ ఉన్నారు. మరి అదే ఎండలో ఆడే యూసీఎల్‌ఏకి ఎన్‌సీఏఏ మహిళల టైటిళ్లు రెండు (2008, 2014), యూఎస్‌సీకి రెండు (1983, 1985). ఆ రెండు యూనివర్సిటీలూ పేరులేనివేం కావు. పైగా 2025 దాకా ఏ జట్టుకైనా మహిళల టెన్నిస్‌లో పూర్తి స్కాలర్‌షిప్‌లు ఎనిమిదే. ఎంత డబ్బున్న యూనివర్సిటీ అయినా తొమ్మిదోది ఇవ్వడానికి వీలుండేది కాదు.

ఇంకో అభ్యంతరం బరువైనది. కింది కోర్టుల బలం అంటే మంచి పిల్లల్ని ఏరితెచ్చుకోవడమే, అందులో నేర్పడం ఎక్కడుంది అని. ఏరడం కోచ్ పనిలో సగమని నేనూ అంటాను. అయితే ఏరితెచ్చిన ప్రతి అమ్మాయీ తన ఊళ్లో, తన క్లబ్బులో ఒకటో నంబరే. టెన్నిస్‌లో చిన్నప్పట్నుంచీ తన గెలుపు తనదే, తన ఓటమి తనదే. అలాంటి పిల్లని ఆరో కోర్టులో నిలబెట్టి, నీ పాయింటుకూ అంతే విలువుందని నమ్మించడం రిక్రూట్‌మెంట్ ఫోన్ కాల్‌తో అయ్యే పని కాదు. దేశాలు దాటి వచ్చేవాళ్ల విషయంలో ఇది మరీ కష్టం. మన తెలుగమ్మాయి సహజ యమలపల్లి కూడా టెక్సస్‌లోని సామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడింది. అంత దూరం వచ్చిన పిల్లకు కోచ్ ఆట నేర్పే మనిషి మాత్రమే కాదు, పెద్దదిక్కు కూడా. ఆ పెద్దదిక్కు స్థానంలో ఆడవాళ్లు తగ్గిపోవడం నన్ను బాధపెట్టే సంగతి. 1972లో చదువుల్లో ఆడామగా వివక్షను నిషేధించే టైటిల్ నైన్ చట్టం వచ్చేనాటికి అమెరికాలో కాలేజీ మహిళా జట్లకు 90 శాతానికి పైగా కోచ్‌లు ఆడవాళ్లే. జీతాలూ హోదా పెరిగాక ఆ వాటా సగానికన్నా తగ్గిపోయింది. ఫరూద్‌లా అసిస్టెంట్‌గా ఏళ్లు గడిపి పైకొచ్చే దారి ఎంతమంది ఆడవాళ్లకు తెరిచి ఉందో అథ్లెటిక్ డైరెక్టర్లు తమ జాబితాలు తీసి చూసుకోవాలి.

ఇప్పుడు చివరి కోర్టుల పిల్లల్ని నమ్మించి నిలుపుకోవడం మరింత కష్టమైంది. 2018లో యూనివర్సిటీ మారాలనుకునే క్రీడాకారులు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక జట్టు మారడం తేలికైంది. ఇక్కడ ఆరో కోర్టులో ఆడే అమ్మాయికి ఇంకోచోట రెండో కోర్టు దొరుకుతుంది. ఆమె ఉండిపోవాలంటే కోచ్ దగ్గర చూపించడానికి ఏదో ఉండాలి: ప్రాక్టీసులో ఒకటో నంబరుతో రోజూ ఆడించడం, వచ్చే ఏడు నాలుగో కోర్టుకు ఎలా చేరొచ్చో విడమరిచి చెప్పడం, చెప్పినట్టు జరిగితే నిజంగా అక్కడ నిలబెట్టడం. కోచ్‌ని ఎంచుకునేటప్పుడు టైటిళ్ల పట్టికతోపాటు ఇంకో కాగితం కూడా అడగమంటాను: మొదటి ఏడు చివరి కోర్టుల్లో ఆడిన పిల్లలు నాలుగో ఏడు ఎక్కడ ఆడారు, మధ్యలో ఎంతమంది వెళ్లిపోయారు.