మొదటి భాగం నుంచే చూడాలట!

బీబీసీ కాలప్రయాణ ధారావాహిక ‘డాక్టర్ హూ’ సంపూర్ణ పారాయణం ఒక ఆధునిక వ్రతం. 1963 నవంబరు 23న బీబీసీలో వచ్చిన మొదటి భాగంతో కూర్చుని, ఒక్కటీ విడవకుండా, వరస తప్పకుండా, చిట్టచివరి భాగం దాకా చూడటం దీని విధానం. నియమాలు కఠినం. విసుగు పుట్టించే కథను దాటెయ్యకూడదు. 2005లో కొత్తగా మొదలైన భాగాలతో ఆరంభించకూడదు. రోజుకో భాగం తప్పకూడదు. చూసిన ప్రతి భాగానికీ పట్టికలో టిక్కు పెట్టుకోవాలి. ఫలశ్రుతి కూడా ఉంది: పూర్తిచేసినవాడు అసలైన అభిమాని, మిగతావాళ్లు దారిన పోతూ తొంగిచూసినవాళ్లు. లండన్‌లో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా, యాంగోన్‌లో ఉన్నా ఇదే నియమం. ఉద్యాపన ఒక్కటే లేదు. ధారావాహికకు ఇంతవరకూ ఎవరూ మంగళం పాడలేదు.

వ్రతానికి ఈ మధ్య ఊపు వచ్చింది 2023 నవంబరులో. అరవయ్యేళ్లు నిండిన సందర్భంగా బీబీసీ తన ఆన్‌లైన్ వేదిక ఐప్లేయర్‌లో 800 పైచిలుకు భాగాలు ఒకేచోట పెట్టింది. అందులో మొట్టమొదటి కథ లేదు. ‘యాన్ అనర్త్‌లీ చైల్డ్’ రాసిన ఆంథొనీ కోబర్న్ వారసుల వైపు నుంచి హక్కుల సంగతి తేలక, నాలుగు భాగాల ఆ కథ బయటే ఉండిపోయింది. మొదటి భాగం నుంచే చూడాలన్నది శాసనం. చూడటానికి కట్టిన మండపంలో లేనిది మొదటి భాగమే. వ్రతధారులు చలించలేదు. పాత డీవీడీలు వెతికి తెచ్చుకుని పూర్వాంగం జరిపించుకున్నారు.

1963 నుంచి 1989 డిసెంబరు దాకా నడిచిన పాత ధారావాహిక 26 సీజన్లు. దాదాపు 700 భాగాలు, ఎక్కువవాటి నిడివి పాతిక నిమిషాలు. రోజుకొకటి చొప్పున రెండేళ్లకు కొంచెం తక్కువ పడుతుంది. ఆ తర్వాత 1996 నాటి టీవీ సినిమా, దాని తర్వాత 2005 నుంచి కొత్త శకం. గడువు దగ్గర పడినవారు ఒకటిన్నర రెట్ల వేగంతో నడిపిస్తారు. ఆ వేగంలో డాక్టరు శత్రువులైన డాలెక్‌లు లోకాన్ని నాశనం చేస్తామని అరుస్తుంటే కోడిపిల్లలు గోల పెట్టినట్టుంటుంది. అయినా టిక్కు పడుతుంది, పుణ్యం దక్కుతుంది.

వ్రతంలో అన్నిటికన్నా పవిత్రమైన ఘట్టం, లేని భాగాలను చూడటం. 1960లలో, 70లలో బీబీసీ టేపుల మీద పాత కార్యక్రమాలు చెరిపి కొత్తవి ఎక్కించేది. టేపు ఖరీదైనది. పాతవి మళ్లీ వేసుకోవడానికి నటుల సంఘంతో ఉన్న ఒప్పందాలు పరిమితమైనవి. రంగుల టీవీ వచ్చాక నలుపు తెలుపు బొమ్మను ఎవరడుగుతారన్నది లెక్క. విదేశాలకు అమ్మడానికి తీసిన 16 ఎంఎం ఫిల్మ్ కాపీలకూ గడువు తీరాక అదే గతి పట్టింది. మొదటి ఆరు సీజన్ల 253 భాగాల్లో చాలా అలా పోయాయి. విదేశీ టీవీ కేంద్రాల్లో, ఎవరెవరి ఇళ్లలోనో వెతగ్గా వెతగ్గా కొన్ని దొరికాయి. ‘ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ నాలుగు భాగాలు 1990ల మొదట్లో హాంకాంగ్ నుంచి తిరిగొచ్చాయి. నైజీరియాలో తొమ్మిది దొరికాయని 2013 అక్టోబరులో ప్రకటించారు. అవి పోగా అప్పటికి లోటు 97.

ఇక్కడిదాకా చరిత్ర. ఇక్కడినుంచి భక్తి. ఆ 97 భాగాలకూ శబ్దం ఉంది. ఆనాటి కుర్రాళ్లు టీవీ ముందు టేపు రికార్డరు పెట్టి పట్టుకున్న శబ్దం అది. చాలావాటికి బొమ్మలూ ఉన్నాయి. జాన్ క్యూరా అనే ఫొటోగ్రాఫరు, కార్యక్రమం వస్తుండగా టీవీ తెరకే ఫొటోలు తీసి, ఆ కార్యక్రమంలో పనిచేసినవారికి అమ్ముకునేవాడు. ఆ కదలని బొమ్మలను ఆ శబ్దానికి వరసగా అతికించి, అదే భాగమని పేరు పెట్టారు. ఒక ఫొటో వస్తుంది. అడుగుల చప్పుడు. ఇంకో ఫొటో. తలుపు చప్పుడు. ఎవరిదో కేక. కేక పెట్టినవారెవరో చెప్పే అక్షరాలు తెర కింద పాకుతాయి. ఇలా పాతిక నిమిషాలు. వ్రతధారి దీన్ని ‘చూశాను’ అని రాసుకుంటాడు.

మొదటి డాక్టరు విలియం హార్ట్‌నెల్ రూపం మారి పాట్రిక్ ట్రౌటన్ అయ్యే ఘట్టం 1966 అక్టోబరులో వచ్చింది. ధారావాహిక ఇన్నేళ్లు బతకడానికి మూలమైన కిటుకు అదే: నటుడు తప్పుకుంటే డాక్టరు కొత్త శరీరంలోకి మారిపోతాడు. ఆ భాగం పోయింది. ఆ రూపాంతరం తాలూకు కాసింత ముక్క మాత్రం మిగిలింది, అదైనా ‘బ్లూ పీటర్’ అనే పిల్లల కార్యక్రమంలో ఎవరో వాడుకున్నారు కాబట్టి. అంటే ప్రధాన ఘట్టాన్ని కాపాడింది పారాయణం కాదు, ముక్కలు ముక్కలుగా చూసే అలవాటు.

లేని భాగాలను చూసే ఘట్టానికి శిఖరం ‘మార్కో పోలో’ కథ. 1964 ఫిబ్రవరి 22 నుంచి ఏప్రిల్ 4 దాకా ఏడు శనివారాలు, ఏడు భాగాలు. 2013 లెక్కలో ఏడుకు ఏడూ లేవు. వాటిలో ఆరింటికి దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. మొట్టమొదటి కథకూ ఆయనే. ఆయన దాచుకున్న క్యూరా ఫొటోల పుణ్యమా అని ఆ ఆరింటికి బొమ్మలు మిగిలాయి. ఇంకొకరు తీసిన నాలుగో భాగానికి అవీ లేవు. కాబట్టి నాలుగో భాగాన్ని పారాయణం చేసేవారు పక్క భాగాల ఫొటోలు చూస్తూ నాలుగో భాగం శబ్దం వింటారు. చూడనిదాన్ని చూశామని చెప్పుకునే విద్య ఇంతకన్నా పైకి పోలేదు.

మార్కో పోలో తెలుగువారికి కొత్తవాడు కాడు. మోటుపల్లి రాజ్యం గురించి, దాన్ని న్యాయంగా ఏలిన రాణి గురించి, అక్కడి సన్నని బట్టల గురించి అతని గ్రంథంలో ఉంది; ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు చెబుతారు. కుబ్లయ్ ఖాన్ సేనలు బర్మా రాజు ఏనుగుల దళంతో తలపడిన యుద్ధం కూడా ఆ గ్రంథంలోనే ఉంది. అటు ఆంధ్రనూ ఇటు బర్మానూ రాసిపెట్టిన మనిషి కథ ధారావాహికలో పామీర్ నుంచి పెకింగ్ దాకా సాగి ఆగింది. చైనీయుల, మంగోలుల వేషాలు చాలామటుకు రంగు పూసుకున్న తెల్లవారివి. వ్రతధారులకు ఈ సంగతులు పట్టవు. మూడో భాగంలో ఫలానా ఫొటో ఫలానా మాటకు ముందు రావాలా, వెనక రావాలా అన్నదే వారి మీమాంస.

పోయిన కాపీల కోసం వేటగాళ్లు పాత బ్రిటిష్ వలసల జాబితా పట్టుకుని దేశదేశాల టీవీ కేంద్రాలు గాలించారు. నేటి మయన్మార్ అయిన బర్మా కూడా బ్రిటిష్ వలసే. కానీ అక్కడ టీవీ మొదలైంది 1980లో. అప్పటికి డాక్టరు వేషం నాలుగో నటుడు టామ్ బేకర్ చేతిలో ఉంది. 1960ల ఫిల్మ్ డబ్బాలు రంగూన్ (ఇప్పటి యాంగోన్) చేరి ఉన్నా వాటిని ప్రసారం చేసే కేంద్రమే లేదు. రంగూన్ పెద్దలకు బీబీసీ అంటే 1940లో మొదలైన బర్మీస్ రేడియో వార్తలు. 1988 ఆందోళనల రోజుల్లో చెవులు రిక్కించి విన్నవి అవే. పోలీసు పెట్టెలో కాలప్రయాణం చేసే ముసలాయన ఆ రోజుల్లో అక్కడ దిగలేదు. వ్రతధారుల శాస్త్రం ప్రకారం ఆ నగరం పుట్టుకతోనే అనర్హం.

‘మార్కో పోలో’ లండన్‌లో ప్రసారమవుతున్న ఆ వారాల్లోనే, 1964 మార్చిలో, సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం రంగూన్‌లో దుకాణాలను జాతీయం చేసింది. తరాలుగా అక్కడ బతికిన భారతీయులు, వారిలో తెలుగువారు, ఓడలెక్కారు. వెంట తెచ్చుకోనిచ్చింది కొద్దిపాటే. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట అలా వచ్చినవారితో వెలిసిందే. ఏ కుటుంబం ఏ వీధిలో ఏమేమి వదిలి వచ్చిందో భాగం భాగంగా జాబితా రాసి, ఫొటోకు ఫొటో అతికించి, దేశదేశాలా గాలించినవాళ్లు ఎంతమంది? శనివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ చూడటానికి తీసి, తీసినవాళ్లే చెరిపేసిన కార్యక్రమం తాలూకు 97 భాగాలను మానవజాతికి జరిగిన మహానష్టంగా వర్ణించేవారు కాస్త గొంతు తగ్గించుకుంటే బాగుంటుంది.

రోజుకో భాగం తప్పకూడదన్న నియమాన్ని నేటి యాంగోన్‌లో పెట్టి చూడాలి. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్నాక, అక్కడ రాత్రి ఒంటిగంట నుంచి ఉదయం తొమ్మిదింటి దాకా వారాల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. మార్చిలో మొబైల్ డేటా పోయింది. ఆ తర్వాతి ఏళ్లలో కరెంటు విడతలవారీగా వచ్చింది. నాలుగు గంటలు ఉంటే నాలుగు గంటలు పోయే పట్టికలను జనం కంఠస్థం చేశారు. కరెంటు ఉన్న ఆ గంటల్లోనే నీళ్ల మోటారు వెయ్యాలి, అన్నం వండాలి, ఫోన్లూ బ్యాటరీలూ ఛార్జింగ్ పెట్టుకోవాలి. వినోదానికి ఏమైనా మిగిలితే కొరియా సీరియళ్లకే మొదటి పీట. వ్రతధారులు క్షమించాలి.

పోనీ, చూడాలనుకున్నా చూసే దారి? ఐప్లేయర్ బ్రిటన్‌లో ఉన్నవారికి. 2022లో బీబీసీ డిస్నీతో చేతులు కలిపి కొత్త భాగాలను బయటి దేశాలకు పంచింది. డిస్నీ ప్లస్ దుకాణం మయన్మార్‌లో తెరవనే లేదు, ఆ పొత్తు కూడా 2025లో ముగిసింది. ఇక మిగిలింది వీపీఎన్. 2024 మధ్య నుంచి సైనిక ప్రభుత్వం వీపీఎన్‌ల మీద పడింది. వీధుల్లో ఫోన్లు తనిఖీ చేసి, వీపీఎన్ కనిపిస్తే డబ్బు గుంజుతున్నారని వార్తలు వచ్చాయి. 2025 జనవరి 1న వచ్చిన సైబర్ భద్రతా చట్టం ప్రకారం, అనుమతి లేకుండా వీపీఎన్ సేవ నడిపేవారికి ఆరు నెలల దాకా జైలు. ఎవరైనా, ఎక్కడైనా మొదలుపెట్టవచ్చు, కావలసింది శ్రద్ధ ఒక్కటే అనేవాళ్లు ఆ మాట యాంగోన్‌లో నిలబడి అని చూడాలి. ఇది అభిమానం కాదు, దబాయింపు. పోని కరెంటు, ఆగని ఇంటర్నెట్, బ్రిటన్ చిరునామా, సాయంత్రానికో గంట తీరిక ఉన్నవాడు తన సౌకర్యాన్ని తపస్సని చెప్పుకుంటున్నాడు. అవి లేనివాడికి శ్రద్ధ లేదని తీర్పు కూడా తనే చెబుతున్నాడు.

ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చిన ఒకే ఒక్క కథను, ముందూ వెనకా తెలియకుండా, కరెంటు పోయేలోపు చూసి ఆనందించిన మనిషికి అభిమాని అనిపించుకోవడానికి ఏం తక్కువైంది? ఏమీ తక్కువ కాలేదు. 1963లో బ్రిటిష్ పిల్లలు చూసిందీ అలాగే. శనివారం సాయంత్రం ఇంట్లో ఉంటే చూశారు, లేకపోతే పోయింది. మొదటి భాగం వచ్చిన రోజున అక్కడ కూడా చాలాచోట్ల కరెంటు పోయింది. ముందు రోజే జరిగిన కెన్నెడీ హత్య వార్తల్లో జనం మునిగి ఉన్నారు. అందుకని బీబీసీ వారం తర్వాత రెండో భాగానికి ముందు మొదటిదాన్ని మళ్లీ వేసింది. కరెంటు లేనివాడి ఇబ్బందిని కార్యక్రమం వేసినవాళ్లు మొదటి వారంలోనే అర్థం చేసుకున్నారు. అరవయ్యేళ్ల తర్వాత భక్తులకు అర్థం కావడం లేదు.

స్టార్ ట్రెక్ శాఖవారిది మరో తగాదా: రెండోసారి తీసిన నమూనా భాగం 1966లో మూడోదిగా ప్రసారమైంది కనుక దాన్ని మొదట చూడాలా, మూడోసారి చూడాలా. వాళ్లను వాళ్లకే వదిలెయ్యాలి. ఇక డాక్టర్ హూకు పుట్టిన ‘టార్చ్‌వుడ్’ లాంటి పిల్ల ధారావాహికలు, 1999 నుంచి వెలువడుతున్న బిగ్ ఫినిష్ శ్రవ్య నాటికలు పారాయణంలో భాగమా కాదా అన్న సంవాదం ఇంకా తెగలేదు. తెగకపోవడమే మంచిది, తెగితే ఇంకో పదేళ్ల పని పడుతుంది.

2023 నవంబరు 23న బీబీసీ, డాలెక్‌ల తొలి కథ ఏడు భాగాలనూ కత్తిరించి, రంగులద్ది, 75 నిమిషాల సినిమాగా వేసింది. సంపూర్ణవాదుల దృష్టిలో అది అపచారం. దాదాపు మూడు గంటల కథలో సగానికి పైగా పోయినా సంగతి బాగానే అర్థమవుతుంది, పైగా సాగదీత పోయింది. కొత్తగా చూడాలనుకునేవారు దానితోనే మొదలుపెట్టవచ్చు.