పచ్చగా ఉంటే చాలు నాయనా

సర్కారు భూముల మీద చెట్టూ చేమా బాగోగులు చూసే కొలువు దొరికిందని విన్నాను. సంతోషం. అడవి, గుట్ట, గడ్డిబీడు, చెరువు శిఖం అన్నీ నీ కిందికే వస్తాయట. వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేసినవాడివి, నీకు చెప్పేంతవాణ్ణి కాను. అయినా వయసులో పెద్దవాణ్ణి, ఊరుకోలేక చెబుతున్నాను. నా మాట పట్టుకుని నడిచినవాళ్ళలో ఒక్కడికి కూడా సంజాయిషీ ఇచ్చుకోవలసిన గతి పట్టలేదు. భూమి సంగతంటావా, దానికి నోరెక్కడిది?

ముందు ఖాళీ జాగా వెతుక్కో. రాయలసీమలో జీపెక్కి ఎటు వెళ్ళినా గడ్డి, రేగు కంపలు, దూరంగా ఓ గొర్రెల మంద. రెవెన్యూ రికార్డులో బంజరు అని రాసే ఉంటుంది, ఇంకేం కావాలి? చెట్టు లేని చోటంటే చెట్టు కోసం కాచుక్కూర్చున్న చోటే అనుకో. జేసీబీని పిలిపించి కందకాలు తవ్వించు, గుంతలు తీయించు. జానెడు మట్టి కింద బండ ఉన్న నేలకి, అనంతపురం వైపు ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర తచ్చాడే వానకి గడ్డే తగిన పంట అని ఎవడో కుర్ర పరిశోధకుడు అడ్డొస్తాడు. ఇది పాడైపోయిన అడవి కాదండీ, మొదట్నుంచీ గడ్డినేలే అంటాడు. వాడికి టీ ఇప్పించి పంపెయ్.

నంద్యాల జిల్లా రోళ్లపాడులో 1988లో గడ్డినేలనే అభయారణ్యం చేశారు, బట్టమేక పిట్ట కోసం. కనుచూపు మేర అడ్డు లేకుంటేనే ఆ పిట్ట నిలుస్తుంది. గూడు కట్టదు, నేల మీదే, మామూలుగా ఒకే గుడ్డు పెడుతుంది. అక్కడ అది కంటబడి ఏళ్ళయింది. నీకది కలిసొచ్చే విషయమే. పిట్టే లేనప్పుడు గడ్డెందుకు అని సమావేశంలో అను. ఆ గడ్డి మీద బతికే కృష్ణజింకల గురించి, తోడేళ్ళ గురించి, గొర్రెలకాపరుల గురించి మాట్లాడేవాళ్ళు ఆ గదిలో ఉండరు, కాపరిని సమావేశానికి ఎవరు పిలుస్తారు?

ఒక్క జాగ్రత్త. వానాకాలం చివర్లో ఆ గడ్డిలో చదరపు మీటరు చట్రం వేసుకుని మోకాళ్ళ మీద కూర్చోకు. బోదగడ్డి దుబ్బుల సందుల్లో నేలకి అంటుకుని విష్ణుక్రాంతం నీలిపూలు ఉంటాయి, గోరంత ఉండవు. పక్కనే నేల ఉసిరి, పేరు తెలియని పప్పుజాతి తీగ ఒకటి, చీమలు పుట్ట చుట్టూ గుండ్రంగా పారబోసిన గింజల పొట్టు. ఒక్క చట్రంలోనే పదీ పదిహేను రకాలు తేలతాయి. అంతసేపు కూర్చున్నవాడికి మర్నాడు జేసీబీకి ఫోన్ చెయ్యబుద్ధి కాదు. అందుకని కార్లోంచి దిగకుండా చూడు, ఖాళీగానే కనిపిస్తుంది.

పైగా అంకెలు నీ వైపే ఉన్నాయి. దేశంలో మూడో వంతు నేల మీద చెట్లుండాలని 1988 నాటి జాతీయ అటవీ విధానం చెబుతోంది. పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33కి తీసుకెళ్తామని, 230 కోట్ల మొక్కలు లక్ష్యంగా పెట్టుకుని 2015లో తెలంగాణ హరితహారం మొదలుపెట్టింది. దేశం మొత్తం అడవుల లెక్క తీసే ఫారెస్ట్ సర్వే వారి నిర్వచనం ఇంకా అనుకూలం: కనీసం హెక్టారు జాగా, దాని మీద పది శాతానికి తగ్గకుండా ఆకుల గొడుగు ఉంటే అది అడవి కింద జమ. చెట్టు ఏ జాతిదో, నేల ఎవరి పేరు మీదుందో అడగరు. మామిడితోటైనా జామాయిల్ తోటైనా ఉపగ్రహం కంటికి ఒకటే. ఈ ఫారాల్లో గడ్డికి గడి లేదు. గడి లేనిదాన్ని కాపాడి ఏం బావుకుంటావు?

మొక్కల ఎంపికలో వేగమే ప్రధానం. కోనోకార్పస్ చూడు, నాటిన ఏడాదికే ప్రహరీ దాటుతుంది. తెలంగాణలో ఇక నాటవద్దన్నారు, గుజరాత్ 2023లో ఏకంగా నిషేధించింది. అయితేనేం, అలాంటిదే మరొకటి దొరక్కపోదు. సుబాబుల్ ఉండనే ఉంది. శేషాచలం వైపు మొగి, తెల్ల కరక, కొండ గుగ్గిలం, జలారి అంటూ అక్కడివాళ్ళు ఏవో పేర్లు చెబుతారు. వాటి గింజ దొరకడమే కష్టం, దొరికినా ఎప్పుడు మొలుస్తుందో తెలియదు, నీ బదిలీ లోపల మోకాలెత్తు రావు. మంత్రిగారు పక్కన నిలబడి ఫోటో దిగడానికి మొక్క కనీసం ఆయన భుజం దాకానన్నా రావద్దూ? ఎర్రచందనం పేరు కూడా ఎత్తకు, అది పెరిగేలోపు దాన్ని కాపలా కాయలేక రిటైరైపోతావు.

సర్కారు తుమ్మ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే నీ ఉద్యోగంలో సగం దానితోనే. దీని మూలం మెక్సికో, దక్షిణ అమెరికా వైపు. 1876లో దీని విత్తనం తెప్పించమని మద్రాసు ప్రభుత్వానికి రాసింది అడవుల అధికారి కల్నల్ బెడ్డోమ్. మరుసటి ఏడు, 1877లో, కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఆయన సామాన్యుడేం కాడు. దక్షిణాది చెట్ల మీద బొమ్మలతో సహా పెద్ద గ్రంథం అచ్చేసిన వృక్షశాస్త్రవేత్త. కడప, తిరుపతి కొండల్లో మాత్రమే పెరిగే పేరిత అనే సైకస్ జాతికి 1883లో శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆయన పేరే కలిపారు. అంటే ఒకే మనిషి పేరు, ఒకే జిల్లాలో, ప్రపంచంలో ఇంకెక్కడా లేని మొక్క మీదా ఉంది, ఎక్కడ పడితే అక్కడున్న మొక్క వెనకా ఉంది. అంత చదివినవాడే విత్తనం తెప్పించాడంటే మనకి మొహమాటం దేనికి? ఎండకి ఓర్చుకుంటుందా, వంటచెరకుకి పనికొస్తుందా, ఈ రెండే చూడు. ఎక్కడ ఆగుతుందని మాత్రం అడక్కు.

తీసేయమని పైనుంచి ఉత్తర్వు వస్తే మోకాలెత్తున నరికించు. నేలకి కాస్త దిగువన, కాండం వేరుతో కలిసేచోట మొగ్గలు నిద్రపోతుంటాయి. అక్కడిదాకా తవ్వి మొదలంటా పెరికితేనే అది చస్తుంది. కానీ తవ్వుడు కూలి ఎక్కువ, టెండరులో రేటు తక్కువ. నరికిన రోజు ఫోటో తీయించు, పక్కన బ్యానర్ కనబడేట్టు. రెండు వానలు పడ్డాక అటు వెళ్ళకు. వెళ్ళావంటే ఎండిన మోడు చుట్టూ వేలెడేసి లేత కొమ్మలు పుట్టుకొచ్చి, అప్పుడే ముళ్ళు గట్టిపడుతూ కనిపిస్తాయి. ఒక్క మాను ఉన్నచోట ఇప్పుడు పొద ఉంటుంది, నీ జీపు టైరు సంగతి వేరే చెప్పాలా. దాన్ని రెండో విడత పనిగా అంచనాల్లో పెట్టుకోవచ్చు, ఆపైన మూడో విడత.

నరికే నెల కూడా ముఖ్యమే. కాయలు పండి పసుపెక్కిన రోజుల్లో నరికించి, కంపని లారీలకెత్తించి ఊళ్ళ మీదుగా తోలించు. దారి పొడుగునా రాలతాయి. ఖాళీ చేసిన జాగాలోకి అదే వారం మేకల్ని వదులు. తియ్యటి కాయ కాబట్టి ఇష్టంగా తింటాయి. గట్టి గింజ కడుపులో కాస్త మెత్తబడి పెంటికతో పాటు కొత్త చోట పడుతుంది, ఎరువూ దానితోనే వస్తుంది. ఇంత చక్కటి ఉచిత రవాణా ఏ నర్సరీకీ లేదు.

ఆ తుమ్మ మీదే బతికేవాళ్ళు కొందరుంటారు. బొగ్గు బట్టీల వాళ్ళు, కట్టెలమోపు అమ్ముకుని పూట గడిపే ఆడవాళ్ళు. వాళ్ళతో ముందుగా కూర్చుని, ఏ వైపు నుంచి నరకాలి, ఎంత ఉంచాలి, బదులుగా వంటచెరకు ఎక్కడ్నుంచి రావాలి అని మాట్లాడితే నీ పని సగం వాళ్ళే చేసిపెడతారు. అప్పుడు టెండరు ఎవరికి వెయ్యాలి? కాబట్టి మాట్లాడకు. నరికిన జాగాలో తర్వాత ఏం రావాలో కూడా ఆలోచించకు. గడ్డి విత్తనం చల్లకు. వయ్యారిభామ దానంతటదే వచ్చి నింపుతుంది. పూల మీద ఉన్నప్పుడు తెల్లగా ముచ్చటగానే ఉంటుంది, తుమ్ములూ దురదలూ కూలీలవి.

దీనికి పూర్తి వ్యతిరేకమైన దారి కూడా ఉంది. బయటి దేశపు మొక్క అని తేలిన ప్రతిదాన్నీ శత్రువు కింద జమకట్టు. చింత ఆఫ్రికా నుంచి వచ్చిందని చదివావనుకో, ఊరి రచ్చబండ దగ్గరికి గొడ్డలి పట్టుకెళ్ళు. సీతాఫలం అమెరికా ఖండానిది. పాలమూరు గుట్టల మీద దసరాకి ముందు గంపలకి గంపలు కోసుకునేవాళ్ళకి ఆ మాట చెప్పి, వాళ్ళ మొహాలు చూడు. ఏది వచ్చి కుదురుగా ఉంది, ఏది పక్కవాటిని నొక్కి పైకొస్తోంది అని చెట్టుచెట్టునీ చూడ్డం ఓపికున్నవాళ్ళ పని. లాంటానా పొద కింద మొలక బతకడం లేదని తెలుసుకోవడానికి ఆ పొదలోకి దూరాలి, చొక్కా చిరుగుతుంది. పాస్‌పోర్టు చూసి తీర్పిస్తే ఇస్త్రీ నలగదు.

సర్వే చెయ్యక తప్పదు. పది మీటర్ల చదరాలు రోడ్డు పక్కనే వేసుకో. పటం మీద యాదృచ్ఛికంగా పడిన బిందువులన్నీ దిక్కుమాలిన లోయల్లోనే ఉంటాయి, వాటిని "చేరుకోలేని ప్రదేశం" అని కొట్టెయ్. ఏప్రిల్లో వెళ్ళు, పొదలుండవు, పాములుండవు, గడ్డిజాతులు అసలే ఉండవు. ఉన్నవాటిని గడ్డి-1, గడ్డి-2 అని రాసుకుంటే జాబితా శాస్త్రీయంగా కనిపిస్తుంది. కొమ్మ కోసి హెర్బేరియం షీటు చేసేటప్పుడు పూతా కాయా లేనిదే ఎంచుకో, అప్పుడు పేరు తప్పని నిరూపించడం ఎవరి తరమూ కాదు. గ్యాంబుల్ దొర మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చిన పుస్తకాన్ని ముందేసుకుని, భూతద్దంతో ఆకు వెనక నూగు లెక్కపెట్టే రోజులు పోయాయి. ఫోన్ యాప్ ఉంది. నల్లమలలో కోసిన కొమ్మకి అది బ్రెజిల్ మొక్క పేరు చెబితే, నల్లమలలో కొత్త జాతి అని పత్రిక వాళ్ళకి చెప్పు. నీ వెనక కత్తి పట్టుకుని నడిచే చెంచు వాచర్ ఆ చెట్టుని బెరడు వాసనతో గుర్తుపట్టి, ఏ నెలలో పూస్తుందో, ఎలుగుబంటి ఎప్పుడు వస్తుందో చెబుతుంటాడు. వినొచ్చు, కాలక్షేపానికి. నోట్‌బుక్కులో మాత్రం ఎక్కించకు.

అరుదైన మొక్క కనిపిస్తే జీపీఎస్ అంకెలతో సహా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టు. పైన చెప్పిన పేరితనే తీసుకో. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగదాని శంకువుకి నాటుమందుల వ్యాపారంలో గిరాకీ. అంతర్జాతీయ వాణిజ్యం మీద అత్యంత కట్టుదిట్టం ఉన్న మొదటి పట్టికలోనే దీన్ని చేర్చారు. దాని చిరునామా జనానికి తెలియకపోతే అవగాహన ఎలా పెరుగుతుంది? లెక్కించేటప్పుడు మొత్తం మొక్కలు ఎన్నో రాస్తే చాలు, ఆడవెన్ని, మగవెన్ని, వాటి మధ్య దూరమెంత, కింద పిల్లమొక్కలున్నాయా అనే చాదస్తం వద్దు. శంకువులన్నీ కోసుకుపోయినా మొక్కల సంఖ్య తగ్గదు కదా, నీ నివేదిక ఏళ్ళ తరబడి స్థిరంగా ఉంటుంది.

మంటల గురించి ఎక్కువ చెప్పను. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఉపగ్రహం నీ ఫోన్‌కి హెచ్చరికలు పంపుతూనే ఉంటుంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద పెట్టిందేదో, కొండంతా ఏటేటా తగలబడుతున్నదేదో, ఎండ ముదరకముందే మన వాచర్లే ఫైర్ లైన్ కోసం కాల్చిందేదో విడదీసి చూడకు. ఎరుపు చుక్కలన్నీ కలిపి ఒకే అంకె చెప్పు.

మిగిలింది నాటిన మొక్కల లెక్క. సంచి మొక్కని నర్సరీలో రెండేళ్ళు అట్టేపెట్టు, వేళ్ళు అడుగుకి తగిలి గుండ్రంగా చుట్టుకోవాలి. నాటేటప్పుడు పాలిథిన్ సంచి విప్పమని కూలీలకి గట్టిగా చెప్పకు, రోజుకి ఇన్ని అని లెక్క కట్టించావు కాబట్టి వాళ్ళకీ తీరికుండదు. వేసవిలో ఎండిన పుల్లని పట్టి లాగితే సంచితో సహా ఊడొస్తుంది. లోపల మట్టిముద్ద నర్సరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే, ఒక్క వేరు బయట అడుగుపెట్టకుండా. అలా లాగి చూసే అలవాటు మానుకో. బతికిన శాతం ఆగస్టులో లెక్కించు, నాటిన నెలరోజులకి, మంచి వాన పడ్డ మర్నాడు. తొంభైకి తగ్గదు. మే నెలలో ఎవరైనా తనిఖీకొచ్చి పుల్లలు చూసి మొహం చిట్లిస్తే పశువుల ఒత్తిడి, అనావృష్టి అని రాసివ్వు, రెండూ ఎప్పుడూ అబద్ధం కావు. చచ్చినవాటి స్థానంలో కొత్తవి నాటడానికి వేరే పద్దు ఉంటుంది. గుంతలు పాతవే పనికొస్తాయి కానీ తవ్వుడు కూలి మళ్ళీ వేసుకోవచ్చు. మార్చి 31 లోగా బిల్లు పెట్టడం మర్చిపోకు, ఆఖరి వారంలో ట్రెజరీ సర్వర్ పనిచెయ్యదు.