మైనస్ అరవై ఏడు బావ

మా బావకి సినిమా చూపించడమంటే మహా ఇష్టం. చూడటం కాదు, చూపించడం. అందుకోసమే నిజాంపేటలో కొన్న ఫ్లాటులో మూడో పడగ్గదిని సినిమా గదిగా మార్చేశారు. గోడకి యాభై ఐదు అంగుళాల టీవీ, కిటికీకి నల్ల కర్టెన్లు, వెనక్కి వాలే కుర్చీలు. ఆ గదిలో సినిమాలు మొదలవడం మేమంతా చూశాం. అయిపోవడం మాత్రం చాన్నాళ్లు ఎవరూ చూడలేదు.

ఈ రకం మనుషులు మీకూ తెలిసే ఉంటారు. మా వైపు అపార్ట్‌మెంటుకి ఒకరైనా దొరుకుతారు. పగలు మాధాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో పెద్ద ఉద్యోగం. అక్కడ మౌస్‌లో బ్యాటరీ అయిపోయినా టికెట్ రేజ్ చేసి, సపోర్టు కుర్రాడు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటారు. సాయంత్రం జేఎన్‌టీయూ దగ్గర మెట్రో దిగి, నిజాంపేట రోడ్డు ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ ఇల్లు చేరి, షూ విప్పీ విప్పకముందే నెట్‌వర్క్ ఇంజినీర్లు అయిపోతారు. అక్క కాఫీ కలిపేలోగా బావ రూటర్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. లోపల గదిలోంచి "నాన్నా, టెస్టు రాస్తున్నా!" అని మా మేనకోడలు కేక పెడుతుంది. బావ తల పంకించి, "ఇప్పుడు చూడు, ఫ్రెష్‌గా వస్తుంది" అంటారు.

సినిమా గదికంతటికీ ప్రాణం ఒక బుల్లి కంప్యూటర్. పేరు రాస్ప్‌బెర్రీ పై. ఏటీఎం కార్డంత బోర్డు. పిల్లలకి ప్రోగ్రామింగ్ నేర్పాలని కేంబ్రిడ్జిలో కొందరు తయారుచేసి, 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకి అమ్మకానికి పెట్టారు. నాలుగేళ్లకోసారి వచ్చే ఆ పుట్టినరోజు బావకి నిద్రలో లేపి అడిగినా గుర్తే. పెళ్లిరోజు మాత్రం ఫోను గుర్తుచేయాలి. ఆయన దగ్గరున్నది 2019లో వచ్చిన నాలుగో రకం. దాని మీద లినక్స్, లినక్స్ మీద కోడి అనే సాఫ్ట్‌వేర్, ఇంత ఎత్తున పేర్చిన తర్వాత అన్నిటి పైన మా అత్తయ్య, అంటే బావ వాళ్లమ్మగారు, అడిగిన పాత సినిమా.

"టీవీలోనే అన్నీ వస్తున్నాయి కదండీ, రిమోట్ మీద బటన్లు కూడా ఇచ్చాడు" అంటుంది అక్క.

"టీవీవాళ్ల ప్రాసెసర్ మీద నాకు నమ్మకం లేదు" అంటారు బావ. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం పిల్లనివ్వడానికి ఒప్పుకోని మావగారి మొహంలా ఉంటుంది.

సినిమా ఆగుతుంది. తెర మధ్య గుండ్రం తిరుగుతుంది. అప్పుడు బావ లేస్తారు. ఫోను అరచేతిలో పెట్టుకుని, సిగ్నల్ కొలిచే యాప్ మీద నుంచి చూపు తిప్పకుండా హాల్లోంచి వంటింట్లోకి, అక్కణ్ణుంచి బాల్కనీలోకి నడుస్తారు. ఆ యాప్‌లో అంకెలన్నీ మైనస్‌లోనే ఉంటాయి. రూటర్ పక్కన నిలబడితే మైనస్ 30. వీడియో నిలకడగా ఆడాలంటే మైనస్ 67 దాకా ఫరవాలేదు. మైనస్ 80 దగ్గర ఆశలు వదులుకోవాలి. మూడు అంకెలు దిగితే సిగ్నల్ బలం సగానికి సగం పోయినట్టు. మేం చుట్టపుచూపుగా వెళ్లి "ఎలా ఉన్నారు బావా?" అని పలకరిస్తే, "సినిమా గదిలో మైనస్ 78రా!" అని జవాబొస్తుంది. జేఈఈకి చదువుతున్న మేనకోడలు పుస్తకంలోంచి తలెత్తకుండా, "మామయ్యా, నాన్నకి ఎప్పుడూ నెగెటివ్ మార్కులే" అంటుంది.

సిగ్నల్ ఎందుకు తగ్గుతుందో ఆయనకి తెలియక కాదు, ఆ సబ్జెక్టులో ఆయన పండితుడు. ఫైబర్ తీగ గుమ్మం దగ్గర ఇంట్లోకి వస్తుంది కాబట్టి రూటర్ చెప్పుల స్టాండు పైన ఉంది. సినిమా గది ఇంటికి ఆ చివర. ఈ రెంటికీ నడుమ ఇనప చువ్వల కాంక్రీటు పిల్లరు, ఫ్రిజ్జు, చేపల తొట్టి, అక్క బీరువాకి నిలువుటద్దం. నీళ్లు సిగ్నల్ని పీల్చుకుంటాయని తొట్టిని బాల్కనీకి సాగనంపారు. అద్దం వెనక లోహపు పూత సిగ్నల్ని వెనక్కి కొడుతుందని బీరువా మీద కూడా కన్నేశారు. "అది మా పుట్టింటివాళ్లు పెట్టింది" అని అక్క నా వంక చూసింది. నేను పేపర్లో తల దూర్చాను. అద్దం దక్కింది.

మైక్రోవేవ్‌కి ఆ అదృష్టం లేదు. అదీ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పనిచేస్తుంది, వైఫై నడిచేదీ అక్కడే. అందుకని సినిమా నడుస్తున్నంతసేపూ ఆ ఇంట్లో ఏదీ వేడి చేయకూడదు. సినిమా ఎప్పటికీ అవదు కాబట్టి భోజనాలు చల్లగానే జరుగుతాయి.

ఇంట్లోవాళ్ల పని అయ్యాక ఇరుగుపొరుగుల మీద పడ్డారు. 2.4లో ఒకదాని మీదికి ఒకటి రాకుండా ఉండే ఛానళ్లు మూడే: 1, 6, 11. మనవాళ్ల అపార్ట్‌మెంట్లలో గోడకి అటో రూటర్, ఇటో రూటర్. అందరూ ఒకే ఛానల్ మీద పడి అరుస్తుంటే ఎవరి మాట వినపడుతుంది? అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ట్యాంకర్ల గొడవ జోరుగా సాగుతుండగా బావ ఓ విజ్ఞప్తి పెట్టారు: "దయచేసి మూడో అంతస్తువాళ్లు ఒకటో ఛానల్, నాలుగో అంతస్తువాళ్లు ఆరో ఛానల్ వాడగలరు." ఎవరో పెద్దాయన "మాకు భక్తి ఛానల్ తప్ప వేరే అలవాటు లేదు" అని దండం బొమ్మ పెట్టారు. ఇంకొకరు "ముందు రేపటి ట్యాంకర్ సంగతి తేల్చండి" అన్నారు. బావ ఆ రాత్రి "జనానికి స్పెక్ట్రమ్ అంటే గౌరవం లేదురా" అని నా దగ్గర బాధపడ్డారు.

సినిమా ఆగిన సమయాన్ని ఆయన వృథా పోనివ్వరు, ఉపన్యాసం ఇస్తారు. వైఫై పుట్టుకకి హాలీవుడ్ హీరోయిన్ హెడీ లమార్ కారణమని మొదలుపెడతారు. ఆవిడ 1942లో జార్జ్ ఆంతైల్ అనే సంగీతకారుడితో కలిసి, పౌనఃపున్యాలు మార్చుకుంటూ సంకేతం పంపే పద్ధతికి పేటెంటు తీసుకున్న మాట వాస్తవమే. దానికీ ఇంట్లో వైఫైకీ మధ్య చాలామంది ఇంజినీర్ల కష్టం ఉంది, కానీ బావకి సినిమా గదిలో సినిమా తార ఉంటేనే బాగుంటుంది. అక్కణ్ణుంచి ఫారడే దగ్గరికి వెళతారు. చుట్టూ లోహం ఉంటే లోపలికి తరంగాలు రావనీ, లిఫ్టులో ఫోను కట్ అయ్యేది అందుకేననీ వివరిస్తారు. ఈ ఫారడే పంజరాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని ఉంది.

ఈ గుణం ఆయనకి ఎక్కడిదా అని వెతకనక్కర్లేదు, వంశపారంపర్యం. 1987లో ఆదివారం పొద్దున్న దూరదర్శన్‌లో రామాయణం వచ్చే రోజుల్లో, తెనాలిలో వీళ్ల నాన్నగారు మేడెక్కి యాంటెన్నా తిప్పేవారట. పిల్లాడైన మా బావ వాకిట్లో నిలబడి "వచ్చింది... పోయింది... మళ్లీ వచ్చింది" అని పైకి కేకలేసేవాడు. ఆ ఇంటి మగాళ్లిద్దరూ రామాయణాన్ని ధ్వనిరూపంలోనే ఎరుగుదురని అత్తయ్య చెబుతారు. యాంటెన్నా పోయి రూటర్ వచ్చింది. వాకిట్లోంచి కేకలేసే పని ఇప్పుడు మా మేనకోడలికి అంటగట్టబోయారు గానీ, ఆ పిల్ల హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

ఇన్ని చెప్పినా నిజం ఒప్పుకోవాలి. 2020లో అందరం ఇళ్లలో బందీలమైనప్పుడు ఆ అపార్ట్‌మెంటు మొత్తాన్ని నిలబెట్టింది ఈయనే. ఎదురింట్లో పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు, కిందింట్లో పెద్దాయనకి అమెరికాలో ఉన్న కొడుకుతో వీడియో కాల్, అన్నీ మాస్కు కట్టుకుని గుమ్మం బయట నిలబడి సరిచేశారు. ఎవరిదగ్గరా కాఫీ కూడా తాగలేదు. రూటర్ యాంటెన్నాలని గది వైపు గురిపెట్టకూడదనీ, నిటారుగా నిలబెడితేనే సిగ్నల్ పక్కలకి పరుచుకుంటుందనీ వాళ్ల వీధిలో చాలామందికి తెలిసిందంటే ఆయన చలవే. కష్టంలో ఉన్నవాడింటికి ఈ జాతి మనిషి అడగకుండా వస్తాడు. కష్టం తీరాక వెళ్లడు, అదొక్కటే చిక్కు.

సొంత ఇంటికొచ్చేసరికి మాత్రం రోగం ఒకటైతే మందొకటి. సిగ్నల్ పెంచే రిపీటర్ కొన్నారు. అది విన్నదాన్నే మళ్లీ అదే గాల్లో చెప్పాలి కాబట్టి వేగం సగమైంది. 5 గిగాహెర్ట్జ్‌కి మార్చారు. వేగం పెరిగింది, గోడలు దాటే శక్తి తగ్గింది. ఆఖరికి నెట్ ప్లాను వందనుంచి మూడొందల ఎంబీపీఎస్‌కి పెంచారు. ఫుల్ హెచ్‌డీకి ఐదు, 4కేకి పదిహేను చాలని నెట్‌ఫ్లిక్స్‌వాళ్లే చెబుతుంటే మూడొందలు దేనికని ఎవరూ అడగలేదు. అడిగితే ఉపన్యాసం.

గుట్టు రట్టయింది 2025 ఆగస్టులో. కరెంటు స్తంభాలకి వేలాడే కేబుళ్లని ఊరంతా కత్తిరించుకుంటూ పోయారు, నగరంలో ఎన్నో చోట్ల ఇంటర్నెట్ పోయింది. బావ ఇంట్లోనూ పోయింది. ఆయన ఏమాత్రం చలించలేదు. "మన సినిమాలకి నెట్‌తో పనేంటి? అన్నీ నా చదువుకునే గదిలో హార్డ్ డిస్కులో ఉన్నాయి" అని గర్వంగా మాయాబజార్ పెట్టారు. 1957 నాటి సినిమాకి 2010లో రంగులద్దిన ప్రతి. శశిరేఖ ప్రియదర్శిని పెట్టె మూత తీసింది. అభిమన్యుడు కనపడబోతున్నాడు. గుండ్రం వచ్చింది.

గదంతా నిశ్శబ్దం. అత్తయ్య మెల్లిగా అడిగారు. "నెట్టే లేదుగా, మరి ఇప్పుడెందుకాగిందిరా?"

అంటే ఇన్నాళ్లూ మూడొందల ఎంబీపీఎస్ కట్టింది పక్కగదిలో ఉన్న సినిమాని ఈ గదిలోకి తెచ్చుకోవడానికి! డిస్కున్న కంప్యూటర్ నుంచి రూటర్‌కి వైఫై, రూటర్ నుంచి టీవీ వెనకున్న పెట్టెకి మళ్లీ వైఫై. ఒకే సినిమా ఒకే గాలిని రెండుసార్లు దాటాలి. పైగా బ్లూరే నుంచి దించిన సినిమాలు సెకనుకి ముప్ఫై, నలభై మెగాబిట్లు కూడా మింగుతాయి. "ఆ డిస్కు తెచ్చి ఇక్కడే గుచ్చేయొచ్చుగా నాన్నా" అంది మేనకోడలు. "యూఎస్‌బీ త్రీ తీగలు 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద చేస్తాయి, ఇంటెల్ వాళ్లే 2012లో చెప్పారు. అయినా అది ఆర్కిటెక్చర్ కాదమ్మా" అన్నారు బావ. అత్తయ్య అప్పటికే ఫోను తీసి, రోజుకి రెండు జీబీల మొబైల్ డేటాతో మిగతా సినిమా పెట్టుకున్నారు. "ద్వాపరయుగమే నయం, పెట్టె తెరవగానే మనిషి కనపడేవాడు" అన్నారు ఫోనులోంచి చూపు తిప్పకుండా.

తరవాత ఫైబర్ అతికించడానికి ఓ కుర్రాడొచ్చాడు. పనైపోయాక బావ అతన్ని సినిమా గదికి తీసుకెళ్లి అద్దం, పిల్లరు, పొరుగిళ్ల ఛానళ్లు, అన్నీ విన్నవించుకున్నారు. కుర్రాడు ఓపిగ్గా విని, టీవీ వెనక చెయ్యి పెట్టి బుల్లి కంప్యూటర్ని బయటికి లాగాడు. వేడెక్కకుండా ఉంటుందని బావ దానికి దళసరి అల్యూమినియం డబ్బా తొడిగించారు. దాని వైఫై యాంటెన్నా ఆ బోర్డు మీదే ఉంటుంది. అది డబ్బా లోపల, డబ్బా టీవీ రేకు వెనక.

"సార్, డబ్బాల పెట్టి మూతేస్తే సిగ్నల్ ఎట్లొస్తది సార్?" అన్నాడు కుర్రాడు.

ఫారడే పంజరం గురించి మాకు పాఠాలు చెప్పిన మనిషి ఏమీ అనలేదు. కుర్రాడు ఇంకో మాట కూడా అన్నాడు. "ఇంత కత ఎందుకు సార్, వైరు గుంజుదాం." హాలు గోడ వారగా క్యాట్ సిక్స్ తీగ లాగి, రెండు చివర్లా పిన్ను కొట్టి, రూటర్‌కి ఒకటి, బుల్లి కంప్యూటర్‌కి ఒకటి తగిలించాడు. అక్క కాఫీ ఇచ్చేలోగా పని అయిపోయింది. ఆ రాత్రి సినిమా మొదలైంది, నడిచింది, అయిపోయింది. ఘటోత్కచుడి వివాహభోజనం ఆగకుండా మొత్తం చూశాం. అక్క మైక్రోవేవ్‌లో పకోడీలు కూడా వేడి చేసింది.

బావ మాత్రం కుదురుగా లేరు. సినిమా సాగినంతసేపూ తెర మీద ఓ మూల స్పీడు అంకె చూసుకుంటూ కూర్చున్నారు. మర్నాడు తెల్లారకముందే అల్యూమినియం డబ్బా తీసేసి ప్లాస్టిక్‌ది తొడిగారు. తరవాత "ఇప్పుడు వైఫై కూడా బాగానే వస్తుందేమో, ఓసారి వైరు పీకి చూద్దాం" అన్నారు. "ఆ వైరు మీద చెయ్యి పడితే నేను తెనాలి పోతా" అన్నారు అత్తయ్య. బావ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అప్పట్నుంచీ ఆయన చేతులకి పని లేదు.

మొన్న మా ఇంటికి భోజనానికొచ్చారు. పప్పు వడ్డిస్తుండగానే అడిగారు. "మీకు ఎంత వస్తోందిరా?"

జీతం గురించి కాదని నాకు తెలుసు.

"బ్రహ్మాండంగా వస్తోంది బావా" అన్నాను. మా పడగ్గదిలో అసలు రాదు. రాత్రిపూట వీడియో చూడాలంటే గుమ్మంలో నిలబడాలి. అయినా చెప్పను. మాది ప్రగతినగర్, వాళ్లది నిజాంపేట. బండి మీద పది నిమిషాల దారి. వచ్చేటప్పుడు ఆయన సంచి బరువుగా కనిపించింది. అందులో ఏముందని నేను అడగలేదు, మా ఆవిడని కూడా అడగొద్దని సైగ చేశాను.