ఫుల్ స్టాక్ అన్నా, స్క్రూ కూడా విప్పలే!

కొత్తగా అందరి నోటా ఒకటే మాట: ‘ఫుల్ స్టాక్’. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా అమ్మకానికి పెట్టిన ప్రతి కారూ కంపెనీ గేటు దాటిన రోజు ఎట్లుందో అట్లే ఉందట. బంపర్ కంపెనీదే, సైలెన్సర్ కంపెనీదే, టైర్లు కంపెనీవే. మరి మొన్న దసరాకు లింగంపేట రోడ్డు మీద ఇండ్ల కిటికీలు గలగలలాడించిన స్విఫ్ట్‌లు, మనిషి ఎక్కడానికి నిచ్చెన కావలసిన థార్‌లు ఏమైనట్టు? ఏమీ కాలేదు, అమ్మకానికి వచ్చాయి.

పద్ధతి బాగానే కుదిరింది. వేసిన సామానంతా విప్పి విడిగా అమ్ముకోవాలి. బండికి పాత సామాను బిగించి ‘సింగిల్ ఓనర్, టీచర్ వాడిన బండి’ అని ఫొటో పెట్టాలి. రెండు దిక్కులా పైసలు. మార్చిన బండికి రేటు రాదు, విప్పితేనే వస్తుందని సలహా చెప్పే పెద్దమనుషులూ తయారయ్యారు. వస్తుంది, నిజమే. ఏం జరిగిందో కొనేవాడికి తెలియదు కాబట్టి వస్తుంది.

నాకు అన్నిటికంటే ముచ్చటేసేది ఆ పాత సైలెన్సర్. షోరూమ్ నుంచి బండి వచ్చిన వారానికే దాన్ని విప్పి, యూరియా సంచిలో చుట్టి, అటకెక్కిస్తారు. ఇంట్లో పట్టా పాసుబుక్కు ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు గానీ ఈ సంచి ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ ఎరుకే. తొక్కు జాడీ దించడానికి తల్లి అటకెక్కితే కింది నుంచి కొడుకు కేక: “అమ్మా, అది ముట్టకు! అమ్మేటప్పుడు కావాలె!”

అమ్మేటప్పుడు కావాలట. కొన్న వారానికే! అంటే తాను చేసేది బండికి మంచిది కాదని, రేపు కొనేవాడు ఒప్పుకోడని, పోలీసుల కంటబడితే పెద్ద చప్పుడు గొట్టం రోడ్డు రోలర్ కిందికి పోతుందని పిల్లగాడికి మొదటి రోజే తెలుసు. అన్నీ తెలిసే సంచి కట్టాడు. ఇంత ముందుచూపు చదువులో ఉంటే ఈపాటికి కలెక్టరయ్యేవాడు.

నాలుగేండ్లకు సంచి దిగుతుంది. బండి నాలుగు వానకాలాలు తిన్నది, సైలెన్సర్ ఒక్క చినుకూ ఎరగదు. కింద పడుకొని చూస్తే బండి అడుగంతా మట్టి, తుప్పు, నూనె జిడ్డు. నడుమ ఇదొక్కటే తళతళ. పట్టిన బోల్టుల తలలు కూడా కొత్తవే. దొరికిపోతామని తెలివిగలవాళ్ళు దానికి ఇంత బురద పూస్తున్నారట. కొత్త సామానుకు పాత మట్టి పూస్తేనే పాత బండి కొత్తగా ఉందని నమ్ముతారు మరి.

నవ్వు ఇక్కడితో సరి. విప్పగలిగేది సామానును మాత్రమే, అది చేసిపోయిన పనిని కాదు. 60/55 వాట్ల బల్బు ఉండాల్సిన చోట 100/90 పెట్టి రెండేండ్లు తిప్పితే హెడ్‌లైటు వెనక హోల్డర్ మాడుతుంది. అమ్మే ముందు బల్బు మారుస్తారు, మాడిన హోల్డర్ అట్లే ఉంటుంది. రబ్బరు మూత పీకి చూస్తే కనబడుతుంది. ఎవరు పీకుతారు? హారన్ల కోసం కోసిన వైర్లకు నల్ల టేపు. బంపర్ బొక్కలకు ఎమ్‌సీల్. ఇంజను కంప్యూటర్‌లో లెక్కలు మార్చి జోరు పెంచుకొని, చివర్లో పాత లెక్కలు ఎక్కిస్తారు. ఆ జోరుకు అరిగిన క్లచ్ మాత్రం మళ్ళీ పెరగదు.

పెద్ద టైర్ల సంగతి ఇంకా ఘోరం. టైరు చుట్టుకొలత పదో వంతు పెరిగితే మీటరు తిరిగిన దూరం కంటే తక్కువ చూపిస్తుంది. మీటరులో 50,000 అంటే బండి నడిచింది 55,000. అమ్మే ముందు చిన్న టైర్లు బిగిస్తారు. ఆ 5,000 కిలోమీటర్లు గాలికి పోయినట్టే. “మీటరు ముట్టలేదు, ఒట్టు” అంటాడు. ఒట్టు నిజమే, అదీ వాడి ధైర్యం.

‘మళ్ళా ఒరిజినల్‌కు తెచ్చిన’ అని గొప్ప ఒకటి. లింగంపేటలోనే నాగన్న బావి ఉంది, పోయి చూడండి. దాన్ని పాత రూపానికి తెచ్చినవాళ్ళు అడుగున పేరుకున్న పూడిక తీశారు. పైమెట్టు కడిగి ఫొటో దిగి పోలేదు.

చట్టం లేదా అంటే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కంపెనీ ఇచ్చిన తీరు మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే ఏడు సవరణలో 182ఏ వచ్చింది: ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బాగుంది. ఇక బండి పేరు మార్చే ఫారం 29, ఫారం 30 తిరగేయండి. ఏమేం విప్పావని అడిగే గడి ఒక్కటీ లేదు. రోడ్డు మీద దొరికితే నేరం, విప్పి అమ్మితే వ్యాపారం.

కొనేదెవరు? మక్కలు అమ్మిన పైసలకు ఇంత అప్పు కలిపి మొదటిసారి కారు కొనే రైతు. తల్లిని దవాఖానకు తీసుకపోవడానికి, బిడ్డను కాలేజీలో దించడానికి కొంటాడు. బండి చుట్టూ తిరిగి, తలుపు తీసి వేసి, “మంచిగనే ఉన్నది” అంటాడు. ఆర్నెల్లకు క్లచ్ పోతుంది, వాన రాత్రి లైట్లు పోతాయి. తన తలరాత అనుకుంటాడు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. అది ఆయన తలరాత కాదు, ఇంకొకడి సోకు ఖర్చు. సోకు పడ్డవాడు ఆ గొట్టాన్నీ అమ్ముకున్నాడు, దానివల్ల వచ్చిన అరుగుదలనూ అమ్ముకున్నాడు.

కొనబోయేవాళ్ళు ఒక పని చేయండి. “తమ్మీ, ఏమేం పెట్టినవో, ఎప్పుడు విప్పినవో తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టియ్యి” అని అడగండి. “గదేంది కాకా, నా మీద నమ్మకం లేదా?” అంటాడు.

లేదని చెప్పండి.