ఐదో చక్రానికి టీకా తాత్పర్యం

అవతారిక

కొలచెల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాశాడు గానీ టైర్లకు రాయలేదు. ఆయన కాలానికి గాలి చక్రాలు లేవు కనుక అది ఆయన లోపం కాదు. ఆ కొరత తీర్చడానికే ఈ ప్రయత్నం. వ్యాఖ్యకు ఎంచుకున్న గ్రంథం ఇసుజు వీ-క్రాస్ అనే పికప్పు. 2016 నుంచి ఇప్పటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో తయారవుతోంది కాబట్టి దీన్ని తెలుగునేల మీది రచన అనవచ్చు.

రోడ్డు మీద తిరిగే నాలుగు చక్రాలూ ఇందులో ప్రధాన ప్రతులు. ఐదోది బెడ్డు కింద ఇనుప తాడుకు వేలాడే ప్రతి. వెనక బంపరు దగ్గరి బెజ్జంలోకి పొడుగాటి రాడ్డు దూర్చి తిప్పితే కిరకిరమంటూ కిందికి దిగుతుంది. దిగేలోపు నాలుగైదు వానాకాలాల బురద పెళ్లలు పెళ్లలుగా రాలి తిప్పేవాడి చొక్కా చేతుల్లో పడుతుంది. చాలామంది యజమానులకు పంచరైన రోజే దాని ప్రథమ దర్శనం. దాని ఒంటి మీద ఏం రాసివుందో చదివే ఓపిక ఆ రోజున ఎవరికీ ఉండదు. ఈ వ్యాఖ్య పంచరుకు ముందే చదువుకోవలసింది.

మూలం

245/70 ఆర్ 16

ప్రతిపదార్థం

245 = ఇన్ని మిల్లీమీటర్ల వెడల్పు గలదియు; 70 = ఆ వెడల్పులో నూటికి డెబ్బై పాళ్ల ఎత్తు పక్కగోడ గలదియు; ఆర్ = రేడియల్ కట్టడము గలదియు; 16 = ఇన్ని అంగుళాల రిమ్ముకు పట్టునదియు (అగు టైరు అని శేషము).

ఒకే పాదంలో మిల్లీమీటరు, శాతం, అంగుళం మూడూ కలిశాయి. మణిప్రవాళానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. 'ఆర్' అంటే రేడియస్ అని కొందరు చెప్పే అర్థం అగ్రాహ్యం. టైరు లోపలి తీగలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు తిన్నగా అడ్డంగా సాగుతాయి. అక్షరం ఆ అల్లికకు గుర్తు.

అన్వయం

245లో 70 శాతం 171.5. చక్రానికి పైన ఒక గోడ, కింద ఒక గోడ, కలిపి 343. 16 అంగుళాలంటే 406.4. వెరసి 749.4 మిల్లీమీటర్లు. చక్రం నిలువెత్తు ఇదే. అసలు సంగతంతా ఈ అంకెలోనే ఉంది, టైరు మీద మాత్రం ఎక్కడా కనబడదు. ఆలంకారికులు ధ్వని అన్నది ఇలాంటిదాన్నే.

పాఠాంతరాలు

ఈ పికప్పు మొదట పై కొలతతో వచ్చింది. తర్వాత ఖరీదైన రకాలకు 255/60 ఆర్ 18 వేశారు. లెక్క కడితే 763.2. ఇక యజమానులు చేర్చిన ప్రక్షిప్తాలున్నాయి. బండి ఠీవిగా కనిపించాలని 265/70 ఆర్ 16 వేయించుకునేవారు కొందరు. అది 777.4. ఎవరైనా మార్చేది నాలుగే, ఐదోదానికి డబ్బు పెట్టబుద్ధి కాదు. పెట్టినా లాభం లేకపోవచ్చు: కింద ఛాసిస్ కమ్మీల నడుమ చోటు కంపెనీ కొలతకే కుట్టినది, లావుపాటి టైరు అందులో ఇమడకపోవచ్చు. అందుచేత నాలుగు ప్రతుల్లో ఒక పాఠం, కింద వేలాడే ప్రతిలో ఇంకొకటి.

పూర్వపక్షం

"రెండూ పదహారే గదా సార్, బోల్టులు పడ్తాయి, ఏం గాదు, పోండి" అని పంచరు షాపు మతం. దేశమంతటా వ్యాప్తిలో ఉన్న మతం ఇదే. యజమాని అలసిపోయి, ఎండలో నిలబడి ఉంటాడు కాబట్టి ఖండించేవారు తక్కువ.

ఖండనం

పదహారు రిమ్ముది, టైరు ఎత్తుది కాదు. బోల్టులు పట్టడం వల్ల రుజువయ్యేది బోల్టులు పట్టాయని మాత్రమే. 245/70 ఆర్ 16, 265/70 ఆర్ 16 రెండింటా డెబ్బై, పదహారు ఉన్నా ఎత్తులో 28 మిల్లీమీటర్ల తేడా. అదే 245/75 ఆర్ 16 తీసుకుంటే 773.9 వస్తుంది. 265/70తో పోలిస్తే మూడున్నర మిల్లీమీటర్లే తక్కువ. చూపుకు వేరైనవి ఒకటిగా దొర్లుతాయి, ఒకలా కనిపించేవి వేరుగా దొర్లుతాయి. ఇంకో చిక్కు: నాలుగు మిల్లీమీటర్లు అరిగిన టైరు ఎత్తులో ఎనిమిది పోగొట్టుకుంటుంది. కాబట్టి అదే కొలత టైరైనా, అరిగినదాని పక్కన కొత్తది పాఠాంతరమే. అంకెలు సరిపోయాయని ధీమాగా ఉండేవారు ఇది గమనించాలి.

సిద్ధాంతం

కాగితం లెక్కన 749.4 ఎత్తు చక్రం కిలోమీటరుకు దాదాపు 425 చుట్లు తిరుగుతుంది. 777.4 ఎత్తుది 409 చిల్లర. నూరు కిలోమీటర్లకు తేడా దాదాపు 1,500 చుట్లు. ఈ తేడా ఎక్కడికీ పోదు. రెండూ వెనక ఇరుసు మీదే ఉంటే డిఫరెన్షియల్ దాన్ని నెత్తిన వేసుకుంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి గనుక, ఆ కాసేపు పనిచేయడానికి పెట్టిన పళ్లచక్రాలవి. తిన్నని రోడ్డు మీద వాటికి విశ్రాంతి. పొట్టి చక్రం ఎక్కించాక ఆ విశ్రాంతి లేదు. కాడికి ఒక పక్క పొట్టి ఎద్దును కట్టినట్టు, బండి నడుస్తుంది గానీ మెడ ఎవరిదో ఒకరిది ఒరుసుకుపోతుంది. నాలుగడుగులు పోయి పంచరు వేయించుకునేదాకా అయితే డిఫరెన్షియల్ భరిస్తుంది. పంచరు టైరును బెడ్డులో పడేసి, పొట్టిదాంతోనే టమాటా సీజనంతా మదనపల్లె మార్కెట్టుకు తిరిగితే భరించదు.

అందుకని పెద్దలు చెప్పిన వినియోగం: వెనక చక్రం పంచరైతే మంచి చక్రాన్ని ముందు నుంచి విప్పి వెనక్కి బిగించాలి, పొట్టిదాన్ని ముందుకు ఎక్కించాలి. జాకీ రెండుసార్లు వేయాలి, విసుగే. అప్పుడు స్టీరింగు ఒక పక్కకు లాగవచ్చు, ఏబీఎస్ దీపం వెలిగినా వెలగవచ్చు, నిదానంగా పోవాలి. ఫోర్ వీల్ జోలికి మాత్రం పోరాదు. అందులో ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకటిగా బిగుసుకుంటాయి. బురదలోనైతే చక్రం జారి లెక్క సరిపెట్టుకుంటుంది. గట్టి తారు రోడ్డు మీద జారే వీలుండదు, బిగువంతా గేర్ల మీద పడుతుంది.

మతాంతరాలు

స్పేరే వద్దనే చార్వాకులున్నారు. వారికి 2020లో కేంద్ర మోటారు వాహన నిబంధనల సవరణ ఆధారం: మూడున్నర టన్నులలోపు ప్రయాణికుల వాహనంలో ట్యూబులేని టైర్లు, గాలి తగ్గితే చెప్పే యంత్రం, పంచరు కిట్టు ఉంటే స్పేరు అక్కర్లేదు. సరుకు వాహనంగా నమోదైన పికప్పుకు ఆ సదుపాయం వర్తించదు.

సనాతనులు అడ్డుపడి, స్పేరంటే చక్రానికి సాక్షాత్తు ప్రతిబింబమే కావాలంటారు. 1904లో వేల్స్‌లోని లనెల్లీలో పుట్టిన స్టెప్నీకైతే ఆకులే లేవు. వట్టి రిమ్ము, దాని మీద టైరు. పంచరైన చక్రం పక్కనే బిగించుకుని నడిపేవారు. ఆదిలోనే సరిజోడు కాదు.

గద్య

తాళపత్రం చివర లేఖకుడు తిథి వార నక్షత్రాలు రాసినట్టు, టైరు పక్కగోడ మీద నాలుగంకెలు అచ్చొత్తి ఉంటాయి. 1816 అంటే 2016లో 18వ వారం. పై నాలుగూ 2022 నాటివై, కిందది 1816 చూపితే ఎత్తు లెక్కలు అవతల పెట్టి ముందు రబ్బరు పగుళ్లు చూడాలి, గాలి కొలవాలి. చాలా బళ్లలో గాలి పోసే మూతి పైకి తిరిగి ఉంటుంది, కిందికి దించితే తప్ప అందదు.

పెద్ద టైరే స్పేరుగా కావాలనుకునేవారు దాన్ని బెడ్డులో నిలబెట్టుకుంటారు. నాలుగు క్రేట్ల చోటు పోతుంది, గొలుసూ తాళమూ కొనాలి. ఆ తాళంచెవి పంచరైన రోజు దొరికేలా ఎక్కడ పెట్టుకోవాలో ఏ వ్యాఖ్యాతా తేల్చలేదు.