మహాదాతలకు జేజేలు

ఓ సాంకేతిక కంపెనీల మహాదాతలారా, మీకు జేజేలు! బలి చక్రవర్తి మూడడుగులు దానమిచ్చి పాతాళానికి పోయాడు. దానమిచ్చి ముల్లోకాలూ ఏలే విద్య మీకే అబ్బింది.

ఉబర్, లిఫ్ట్, డోర్‌డాష్ ప్రభువులారా! యాప్ డ్రైవర్లను ఉద్యోగులుగా చూడాలనే చట్టం 2020 జనవరిలో కాలిఫోర్నియాలో అమలుకొచ్చింది. వాళ్లకు కనీస వేతనం, సెలవు జీతం ఇవ్వడానికి మీకు చేతులు రాలేదు. కానీ ఆ చట్టం నుంచి మిమ్మల్ని తప్పించేందుకు ప్రజల ఓటుకు పెట్టిన 22వ ప్రతిపాదనకు మాత్రం మీరూ మీ తోటి కంపెనీలూ కలిసి 20 కోట్ల డాలర్లకు పైగా ధారపోశారు. ఎంత పెద్ద మనసు! ఉబర్ డ్రైవర్ యాప్ తెరిస్తే మీ ప్రచారమే. కింద రెండు బటన్లు: ఒకటి ‘22కి అవును’, రెండోది ‘సరే’. ఇదేం న్యాయమని డ్రైవర్లు కోర్టుకెక్కారు గానీ, కాదనే శ్రమ కూడా వాళ్లకు లేకుండా చేసిన దయ మీది! నవంబరులో 58 శాతం ఓట్లతో గెలిచారు. చట్టసభలో ఎనిమిదింట ఏడొంతుల మంది ఒప్పుకుంటేనే దాన్ని సవరించాలని అందులోనే రాయించారు. మీ ముందుచూపు ఎవరికొస్తుంది?

కాయిన్‌బేస్, రిపుల్ క్రిప్టో కంపెనీల పుణ్యాత్ములారా! గుప్తదానమంటే మీదే. అప్పటి ఒహాయో సెనేటర్ షెరాడ్ బ్రౌన్ సెనేట్ బ్యాంకింగ్ కమిటీ అధ్యక్షుడిగా ఉండేవారు, క్రిప్టోను గట్టిగా ప్రశ్నించినవారు. 2024లో ఆయన ప్రత్యర్థిని గెలిపించడానికి మీ సొమ్ముతో నడిచే ఫెయిర్‌షేక్ కూటమి సుమారు 4 కోట్ల డాలర్లు గుమ్మరించింది. ఆ ప్రకటనల్లో క్రిప్టో ఊసే లేదు. ఎవరి డబ్బు, ఎందుకోసం అన్న బెంగ ఓటరుకు పెట్టలేదు మీరు. బ్రౌన్ ఓడారు. మరుసటి ఏడాది జూలైలో మీరు కోరుకున్న స్టేబుల్‌కాయిన్ (స్థిర విలువ ఉండే క్రిప్టో నాణెం) చట్టం వచ్చింది.

మెటా, అమెజాన్, గూగుల్ దొరలారా! ట్రంప్ ప్రమాణ స్వీకారోత్సవానికి తలా 10 లక్షల డాలర్లు సమర్పించారు. 2025 జనవరి 20న కాబోయే మంత్రులకంటే ముందు వరుసలో మీ అధిపతులు కూర్చున్నారు. ప్రభుత్వంలో ఎవరి పీట ఎక్కడో దేశానికి తెలిసేలా చేసిన మీ నిజాయతీకి నమస్కారం!

దాతలారా, ఇక చాలించండి. కంపెనీలు అభ్యర్థులకు నేరుగా సొమ్మివ్వకూడదని అమెరికా 1907లోనే శాసించింది. కానీ అభ్యర్థులతో సంబంధం లేకుండా విడిగా ఎంతైనా ఖర్చుపెట్టుకోవచ్చని 2010లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. డ్రైవరుకున్నది ఒక్క ఓటు. కంపెనీకి ఆ ఒక్కటీ లేదు. ఓటు లేనివారి డబ్బు ఓటున్నవారి గొంతు నొక్కుతుంటే చూస్తూ ఊరుకునే ప్రజాస్వామ్యం పేరుకే మిగులుతుంది. ఆ వెసులుబాటును రద్దు చేసి తీరాలి.