నలభై వాట్ల ఆత్మకథ

గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్ల వెనక చెత్తకుప్ప మీద పడి ఉన్న నాలుగడుగుల ట్యూబ్‌లైట్‌కు ఎల్ఈడీ మీద కోపం లేదు. కోపమంతా ఇంటివాళ్ల మీదే. తన ఒంట్లో ఉన్నదేమిటో వాళ్లు ఒక్కనాడూ అడగలేదు మరి.

ఉన్నది ఫాస్ఫేటు. మన పళ్లలో, ఎముకల్లో ఉండే ఖనిజానికి దగ్గరి చుట్టం. ఉత్త ఫాస్ఫేటయితే వట్టి తెల్లపొడి, వెలగదు. 1942లో ఇంగ్లండులోని జీఈసీ కంపెనీలో మెకీగ్, రాన్బీ అనే ఇద్దరు అందులో చిటికెడు ఆంటిమొనీ, మాంగనీసు చేర్చారు. గొట్టంలోని పాదరసపు ఆవిరి పుట్టించే అతినీలలోహిత కాంతిని ఆంటిమొనీ అందుకుంటుంది. కొంత నీలంగా విడుస్తుంది, కొంత మాంగనీసుకిస్తే అది నారింజగా విడుస్తుంది. రెండూ కలిస్తే తెలుపు. గాజుకు ఆ పొడిని పూతగా ఎలా పట్టించారో మాత్రం ట్యూబ్‌లైట్‌కు గుర్తు లేదు.

గుర్తున్నది క్వార్టరే. ఫస్ట్ షిఫ్టుకు బొగ్గుబాయికి పోయే మనిషికి తెల్లారకముందే సద్ది కట్టింది దాని వెలుగులో. సెకండ్ షిఫ్టు దిగి రాత్రి పొద్దుపోయి వచ్చినప్పుడు ఆయన తిన్నదీ దాని కిందే. పక్కనే రామగుండం ఎన్టీపీసీ. 1983లో మొదలై 2600 మెగావాట్లకు పెరిగిన ఆ విద్యుత్ కేంద్రానికి సింగరేణి బొగ్గే ఆధారం. ఆయన తవ్వింది ఆయన కంచం మీదికే వెలుగై వచ్చిందని ట్యూబ్‌లైట్ లెక్క. గ్రిడ్డులో కలిసిన కరెంటుకు ఊరూ పేరూ ఉండవంటే వినదు.

ఇంత చేస్తే దక్కిందేమిటి? మిణుకుమిణుకుమంటే దెబ్బ దానికి, తప్పు స్టార్టరుది. గుయ్యిమన్నది చోకు, తిట్లు ట్యూబ్‌లైట్‌కు. చోకు తాగే పదీ పన్నెండు వాట్లు కూడా దాని పద్దులోనే రాశారు. లోపలి తీగల పూత ఎగిరి గాజుకు అంటి చివరలు నల్లబడ్డాక, పట్టీలోంచి ఊడదీసి గోడకానించారు. వానలకు అక్కడే తడిసింది. పిల్లలు దానితో కర్రసాము చేశారు. దాని జోడీని ఠప్పున పగలగొట్టి నవ్వుకున్నారు. లోపలి కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఎటు పోయిందో ఎవరికి పట్టింది? ఇలాంటి దీపాలను విడిగా సేకరించాలని 2016 నాటి ఈ-వేస్ట్ నిబంధనలే చెప్పాయి. ఆ కాగితం ఈ చెత్తకుప్ప దాకా రాలేదు. 2023లో జెనీవాలో, పాదరసం మీద కుదిరిన మినమాటా ఒప్పందపు దేశాలు కూర్చుని, 2027 దాటాక ఫ్లోరసెంట్ దీపాల తయారీయే వద్దన్నాయి.

అదే ఇంటిపేరున్న ఇంకొకరికి మాత్రం ఇప్పుడు మహా గిరాకీ. సిల్వర్ ఫాస్ఫేటు అనే పసుపు పొడి, కంటికి కనిపించే వెలుతురులోనే మిథిలీన్ బ్లూ రంగును విరగ్గొడుతుందని 2010లో జపాను పరిశోధకులు చూపారు. వెలుతురు తగిలితే పొడిలో ఎలక్ట్రాను చోటు వదులుతుంది. ఆ ఖాళీ రంగు అణువును ఆక్సీకరించి ముక్కలు చేస్తుంది. సిరిసిల్ల అద్దకపు నీళ్ల దాకా ఈ పని వస్తే మంచిదే, ట్యూబ్‌లైట్ కాదనదు. దాని కడుపుమంట వేరు. ఆ పొడి కూడా వెలుతురులో వాడగా వాడగా, వెండి బయటపడి నల్లబడుతుంది. అప్పుడు దాన్ని పారేయలేదు; టైటానియం డయాక్సైడ్ కలిపారు, గ్రాఫీన్ కలిపారు, ఎలాగైనా నిలబెట్టాలని ఇప్పటికీ చూస్తున్నారు. తనకు చేసిన వైద్యమల్లా స్టార్టరు మార్చడం, అదీ పక్క క్వార్టరులో అడిగి తెచ్చిన పాతది.